తమ్ముడి పేరున మునక

1841, సెప్టెంబరు 5, ఆదివారం. ఉదయం పదిన్నర.

నది ఒడ్డున, నావూ ఊరి రేవులో జనం నడుం లోతు నీళ్ళలో వరస కట్టారు. తమ మతంలో చేరకుండానే పోయిన బంధువుల పేరున బాప్తిస్మం తీసుకోవడానికి. అలా మునిగితే పోయినవాళ్ళకు నరకం తప్పుతుందని వాళ్ళ నమ్మకం.

ఒకామె కాలికి మెత్తగా ఏదో తగిలింది. కెవ్వుమంది.

శవం. ఉబ్బి, తోలు ఊడి, ముక్కు మూసుకున్నా వదలని కంపు. మెడకు బట్టలారేసే తాడు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. పది రోజులుగా కనబడని అసాహెల్ వార్డిల్!

కానిస్టేబుల్ టింగ్లీ శవాన్ని ఒడ్డుకు లాగాడు. పోయిన ఆదివారం ఈ నీళ్ళలోనే అతను తల్లి పేరున మునిగాడు.

తాడు అసాహెల్ పెరట్లోది. మధ్యాహ్నానికే అతని భార్య కెజయాను కొట్లో వేశారు. మొగుడిలాగే ఆమె కూడా ఆ మతంలో చేరలేదు. ఇక ఊరికి సాక్ష్యమెందుకు? ఉరి ఖాయమని తేల్చేసింది.

"పోట్లాడుకున్నారటగా?" అడిగాడు టింగ్లీ.

"ఏ పెట్టె తీసుకెళ్ళాలా అని! వెర్మాంట్ వెళ్ళిపోదామని సామాను కట్టుకున్నామయ్యా. మీ ఇంట్లో పోట్లాటలుండవా?"

తర్వాత అసాహెల్ అన్న, జీనస్. ఊళ్ళో పెద్ద భక్తుడు.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు బ్రదర్?"

"ఆగస్టు 26, గురువారం. స్టీమరెక్కుతున్నా అన్నాడు. శవం తేలేదాకా బతికే ఉన్నాడనుకున్నా. ఆ రాక్షసి మింగేసింది నా తమ్ముణ్ణి!"

భోరుమన్నాడు.

మరుసటి ఆదివారం జీనస్ రేవుకొచ్చాడు. మేనమామ పేరున మునిగి వెళ్ళిపోయాడు. టింగ్లీ అక్కడే ఆగిపోయాడు. మొహం ఎరగని ముత్తాత పేరున కూడా మునిగిన మనిషి, తమ్ముణ్ణి మరిచాడా?

రేవులో మునిగేవాళ్ళ పేర్లు పుస్తకంలో రాసే ప్లంబ్ దగ్గరికి తిన్నగా నడిచాడు.

సోమవారం, ఉదయం తొమ్మిది. ఊరి పోలీసు పెద్ద మార్షల్ గదిలో కెజయా, జీనస్, పుస్తకంతో ప్లంబ్.

"చదవండి బ్రదర్ ప్లంబ్."

"మృతుడు, అసాహెల్ వార్డిల్. అతని పేరున మునిగినది అన్న జీనస్. ఆగస్టు 29."

టింగ్లీ జీనస్ వైపు తిరిగాడు. "శవం దొరికింది సెప్టెంబరు 5న. వారం ముందే తమ్ముడు చచ్చాడని నీకెవడు చెప్పాడురా?"

ప్లంబ్ తల దించుకున్నాడు. "రోజుకి వంద పేర్లు రాస్తాను. నిజంగా పోయారా అని ఎవర్నీ అడగను."

జీనస్ బుకాయించలేదు. "ఊరొదిలి పోతానన్నాడు. చచ్చినా మునగనన్నాడు. నరకానికి పోతాడనే నా బాధ. చచ్చినవాడి పేరున నేను మునగొచ్చుగా. ఇప్పుడు వాడికి ఏ భయమూ లేదు."

"మరి ఈవిడ? ఉరితీస్తుంటే చూస్తూ ఊరుకునేవాడివా?"

"ఆవిడ పేరున కూడా మునిగేవాణ్ణి," అన్నాడు జీనస్, ఉపకారం చేసేవాడిలా.

వాడి మొహాన ఉమ్మెయ్యాలనిపించింది టింగ్లీకి. ఆ నీళ్ళ వాసన ఇంకా తన ఒంటినే ఉన్నట్టుంది.

కెజయా లేచి పుస్తకం మీద వేలు పెట్టింది.

"మా ఆయన వద్దన్నాడుగా. ఆ పేరు కొట్టెయ్యండి."

రాసింది కొట్టెయ్యకూడదంటూ ప్లంబ్ నసిగాడు. టింగ్లీ అతని చేతిలోంచి కలం లాక్కుని ఆమెకిచ్చాడు.