వాలుకుర్చీలో బావ

మా వీధి చివరి క్లినిక్ మేడ మీద ఒకప్పుడు హిప్నటిజం డాక్టరు ఉండేవాడు. ఆయన పోయి పదేళ్ళయినా, ఆ వాలుకుర్చీలో కూర్చున్నవాళ్ళని ఇంకా నిద్రపుచ్చుతాడని చెడ్డపేరు. సామాను దించడానికి వెళ్ళిన రెండు జట్లు కాళ్ళకి బుద్ధి చెప్పాయి.

మూడో జట్టు మా అక్కా బావా. తెల్లారేలోపు గది ఖాళీ చేస్తే ఇంటాయన మిగతా మూడు మేడల పనీ వాళ్ళకే ఇస్తానన్నాడు. నేను కింద బండికి కాపలా.

"నువ్వు సినిమాలో పేర్లు పడుతుండగానే ఏడ్చే రకం. నిన్ను చీపురు కూడా నిద్రపుచ్చుతుంది. నాది రాతిగుండె" అన్నాడు బావ, అక్కతో.

"రాయి గుండెలో కాదు, బుర్రలో" అంది అక్క.

పైన జరిగింది బావ చెప్పగా విన్నదే.

కరెంటు లేదు. అక్క టార్చి పట్టుకుని బీరువాలో కాగితాలు తీస్తోంది. బావ నడుము వాల్చాడు — పంతానికి, ఆ కుర్చీలోనే.

అప్పుడు వినబడింది. మెల్లగా... మెత్తగా...

"నీ కళ్ళు బరువెక్కుతున్నాయి... నీ కుడిచెయ్యి దూదిలా తేలిపోతోంది..."

బావ నవ్వుదామనుకున్నాడు. నవ్వు రాలేదు. చెయ్యి లేచింది.

అక్క వెనక్కి తిరిగింది. గోడ మీద నీడ — చెయ్యెత్తి కూర్చున్న మనిషి!

"ఏమండీ..."

పలకడు. కుదిపింది. పలకడు. చెంప మీద ఒకటిచ్చింది — చిరునవ్వు!

"డాక్టరు గారూ, దణ్ణం పెడతాను... ఆయన్ని వదిలెయ్యండి. పనీ వద్దు, మేడలూ వద్దు!"

ఆ ఏడుపుకి నాకు మెలకువ వచ్చింది. ఒప్పుకుంటున్నా, కింది మెట్టు మీద నాకూ కళ్ళు మూతలు పడ్డాయి. పరుగెత్తాను. అక్క చేతిలో, బీరువాలోంచి తీసిన డాక్టరుగారి నోటుపుస్తకం. నిద్రపుచ్చే మాటలున్న పేజీ దగ్గర తెరిచి ఉంది.

"ఇది పైకి చదివావా?"

"లేదే... మనసులోనే."

"మెట్ల దాకా వినబడిందే తల్లీ! నీ గొంతే!"

అక్క గబగబా నిద్ర లేపే పద్ధతి ఉన్న చివరి పేజీ తిప్పి, రాసి ఉన్నట్టే ఐదు దాకా లెక్కపెట్టింది.

బావ కళ్ళు తెరిచాడు.

"కట్టుకున్న పెళ్ళాం గొంతు గుర్తుపట్టలేదా?" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

"ఇంట్లో ఎప్పుడైనా అంత మెత్తగా విన్నానా? అయినా నేను నిద్రపోలేదు. అంతా తెలుస్తూనే ఉంది. చెయ్యి దించాలంటే ఎప్పుడో దించేవాణ్ణి... దించాలనిపించలేదంతే."

"మరిప్పుడు దించండి."

బావ ఇంకా పైనే ఉన్న తన చెయ్యి వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

తెల్లారేలోపు గది ఖాళీ చేశాం. బీరువా మాత్రం అక్కా నేనూ మోశాం.