చిల్లర ఉందా?

పైన ఇల్లు, కింద మామగారి బొత్తాలు, దారాల కొట్టు. మధ్యలో కిర్రుమనే చెక్కమెట్లు. నెల కిందటే కాపురానికొచ్చిన కోడలికి పొద్దున్నే ఆ మెట్ల మీద కూర్చుని, టీ ఊదుకుంటూ కింది బేరాలు వినడం భలే ఇష్టం. నిన్న మొగుడు సూది కావాలంటూ మూడుసార్లు పైకొచ్చాడు. కొట్టు నిండా సూదులే!

ఆ పొద్దున మాత్రం బేరాల బదులు కేకలు వినిపించాయి.

"గల్లాపెట్టె మీది స్కానర్ అట్ట ఎవరు తీశారు?" మొగుడి గొంతు అది.

కొనేవాళ్లు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఎవరి దగ్గరా నోట్లు లేవు. ఇద్దరు విసుక్కుని వెళ్లిపోయారు.

"నేనే తీశాను," అంది వంటింట్లోంచి అత్తగారు.

కొడుకు విసురుగా పైకొచ్చాడు. "ఏంటమ్మా ఇది? కంటికి కనపడని డబ్బేం డబ్బురా అని నాన్న మొదట్లో తిడితే, నన్ను వెనకేసుకొచ్చింది నువ్వే కదా. ఇప్పుడాయన అర డజను బొత్తాలకీ ఫోనే చూపించమంటున్నారు. మధ్యలో నీకేమైంది?"

అత్తగారు అర మీది పాత బిస్కెట్ డబ్బా దింపింది. నిండా నాణేలు.

"కొట్టు పెట్టినప్పటి నుంచీ చిల్లర నా దగ్గరే ఉండేది. మాటిమాటికీ మీ నాన్న మెట్లెక్కి వచ్చేవారు. చిల్లర ఉందా అని చెయ్యి చాపి, వేగుతున్నదాంట్లో ఓ ముక్క నోట్లో వేసుకుని, నోరు కాల్చుకుని, కింద వచ్చినవాళ్ల కబుర్లు చెప్పి పోయేవారు. మీ ఫోన్లొచ్చాక దిగితే మళ్లీ అన్నానికే రావడం. ఆ డబ్బుకి నేను అడ్డం కాదురా. నాకిక్కడ పొద్దుపోవడం లేదు, అంతే."

కొడుకు తల దించుకున్నాడు. అప్పుడే మెట్లు కిర్రుమన్నాయి. కింద అంతా విన్న మామగారు గుమ్మంలో నిలబడి చెయ్యి చాపారు.

"చిల్లర ఉందా?"

ఆయన చొక్కా జేబు గలగలమంటోంది.

"మరి జేబులో ఉన్నదేంటి?" అంది అత్తగారు.

"అప్పట్లోనూ ఉండేది," అన్నారాయన మెల్లగా.

అత్తగారు కళ్లు ఒత్తుకుంటూ నవ్వేసింది. అర మీద డబ్బా వెనక దాచిన అట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది. "తగిలించి రండి. కూర వేగుతోంది."

మెట్ల మీంచి పైకొచ్చిన కోడలు మొగుడి చెవి దగ్గరకు వంగింది.

"ఇంతకీ సూది దొరికిందా?"