ఎడమ పక్క సీటు

నిశాంత్ బండిని వ్యాన్ అన్నవాళ్లకి అతని ఇంట్లో రెండోసారి కాఫీ దొరకలేదు.

"కారు," అంటాడు పళ్లు బిగించి. "జపాన్ నుంచి ఓడలో దిగిన కారు. క్లాసిక్."

మనలో మాట, అది అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టుంటుంది. వయసులో నిశాంత్ కన్నా పెద్దది. స్టీరింగ్ ఇక్కడి కార్లలా ఎడమవైపు కాదు, కుడివైపు. తుప్పు గీకి, రంగు వేసి, సీట్లు కుట్టించి, పరాయి దేశంలో ఈ కమ్మింగ్ ఊరికి వచ్చినప్పటి నుంచీ వీకెండ్లన్నీ దానికే ధారపోశాడు. నవంబర్‌లో టౌన్‌లో జరిగే కార్ షోలో మొదటి వరసలో చోటొచ్చింది. తెనాలి కుర్రాడి కారు ఖరీదైన మస్టాంగు కార్ల పక్కన! ఆ వార్త తెనాలిలో చుట్టాలందరికీ చేరిపోయింది కూడా. షోవాళ్లది ఒకటే రూల్: కారు తనంతట తాను నడిచి రావాలి, ట్రక్కు మీద ఎక్కి రాకూడదు.

దసరా రోజు గుడి పార్కింగ్ లాట్‌లో వాహన పూజ చేయించి ఇంటికొస్తుంటే, సగం దారిలో ముందు నుంచి గుప్పుమని ఆవిరి లేచింది. నిశాంత్ రోడ్డు పక్కన ఆపేశాడు.

వెనకే ఇంకో కారు ఆగింది. లంగా ఓణీ, కింద స్నీకర్స్, మెడలో గుడి వాలంటీర్ బ్యాడ్జి. ఆ అమ్మాయి వచ్చి ఎడమ అద్దం తట్టింది. లోపల ఎవరూ లేరు.

"హలో? డ్రైవర్ లేకుండానే వచ్చేసిందా ఈ వ్యాన్?"

"డ్రైవర్ ఇటున్నాడు. ఇది వ్యాన్ కాదు, కారు," అంది కుడివైపు నుంచి ఒక గొంతు.

"ఓ! నువ్వు అటు ఉన్నావా?"

మొదటి పరిచయంలోనే నువ్వా! నిశాంత్ మొహం చిట్లించాడు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి పూజారి గారైనా నువ్వే, పక్కింటి అంకులైనా నువ్వే అని అతనికి ఇంకా అలవాటు కాలేదు.

దిగి బండి ముందుకొచ్చాడు. ఆ చివర నుంచి ఈ చివరకి దిండులాంటి బంతిపూల దండ.

"చూడండి, రేడియేటర్‌కి గాలి ఆడకుండా ఎలా కట్టారో. అదీ ప్లాస్టిక్ జిప్ టైలతో! ఏ మహానుభావుడో కానీ..."

"నేనే కట్టా," అందామె గర్వంగా. "దేదీప్య. లాస్ట్ ఇయర్ దారంతో కడితే దండ ఊడి ఎవరో అంకుల్ విండ్‌షీల్డ్ మీద పడింది. నేను కట్టింది ఊడదు."

"ఊడలేదు. అందుకే రేడియేటర్ పగిలింది."

"టెంపరేచర్ ముల్లు పైకి వెళ్తుంటే నువ్వు చూడలేదా?"

"చూశాను."

"మరి దండ కట్ చేయొచ్చు కదా?"

"పూజ దండ ఇంటికి చేరకుండా తీస్తారా ఎక్కడైనా? అమ్మ ఫోన్‌లో మరీ మరీ చెప్పింది."

దేదీప్య నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆపుకోలేకపోయింది. నిశాంత్ కోపంగా చూద్దామనుకున్నాడు కానీ, ఆ నవ్వు వైపు చూసి కోపంగా ఉండటం అంత తేలిక కాదు.

"సగం తప్పు నీది, సగం నాది," అందామె. "నా సగం నేను ఫిక్స్ చేస్తా. రేడియేటర్ నేను వెతుకుతా. షోకి నీ వ్యాన్ నడుచుకుంటూ వస్తుంది."

"కారు."

"వచ్చాక కారు అంటా."

*

బండిని టో చేయించి దేదీప్య వాళ్ల గరాజ్‌లో పెట్టారు. రోజూ ఆఫీస్ అవ్వగానే నిశాంత్ అక్కడ వాలిపోయేవాడు. రేడియేటర్ కోసమే అని తనకి తాను చెప్పుకునేవాడు. నమ్మేవాడు కూడా, పాపం.

వెతకడం మాత్రం దేదీప్యదే. రిపేర్ షాపు అతను అతుకు వేయనన్నాడు, లోపలంతా తుప్పేనట. పాత కార్ల యార్డులకి ఫోన్ చేస్తే ఆ మోడల్ ఈ దేశంలో అమ్మనే లేదన్నారు. వర్జీనియాలో ఒకాయన పంపింది పెట్టెలోంచి తీసి చూస్తే పైపులు అటువి ఇటు ఉన్నాయి. జపాన్ నుంచి తెప్పిస్తే షో అయిపోయాక దిగుతుంది.

"వదిలేయండి," అన్నాడు నిశాంత్ ఒకరోజు. బయట జోరుగా వాన. గొడుగు లేకుండా వచ్చి తడిసి ముద్దయ్యాడు.

"నేను మాట ఇచ్చా," అని టవల్ అతని మీదకి విసిరింది. "నేను కట్టింది ఊడదు. చెప్పాగా."

తల తుడుచుకుంటూ టవల్ సందులోంచి ఆమెనే చూశాడు. ఆమె చూసింది. ఇద్దరూ చటుక్కున రేడియేటర్ వైపు తిరిగారు.

అప్పుడే ఆష్‌బర్న్ అనే ఊళ్లో ఉన్న పెద్ద కూతురి ఇంటి నుంచి తిరిగొచ్చిన రాఘవులు, దేదీప్య నాన్న, సూట్‌కేస్‌తో గరాజ్‌లోకి వచ్చాడు. బండిని చూసి సూట్‌కేస్ వదిలేశాడు.

"ఓరి నీ! మారుతి వ్యాన్!"

నిశాంత్ మొహం మాడిపోయింది. "అంకుల్, ఇది జపాన్..."

"జపాన్‌లో ఏమంటారో నాకు తెలీదు బాబూ. బెజవాడలో మారుతి వ్యానే. మీ ఆంటీ పెళ్లిచూపులకి మా ఇంటిల్లిపాదీ ఇందులోనే వెళ్లాం. నా ఒళ్లో మా మేనమామ!" రాఘవులు డోర్‌ని ఆప్యాయంగా నిమిరాడు.

"నాన్నా, సేమ్ ఇదేనా? ఇండియాలో దీని పార్ట్స్ దొరుకుతాయా?"

"ఒకే అచ్చులో పోశారే! ఆటోనగర్‌లో అడిగితే ఇప్పుడైనా తీసిస్తారు."

దేదీప్య మెల్లగా నిశాంత్ వైపు తిరిగింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

తెలియక కాదు. ఫోటో పెట్టిన రోజునే తెనాలి ఫ్రెండ్స్ "మారుతి వ్యాన్ కొన్నావేంట్రా!" అని ఆడుకున్నారు. అందరినీ బ్లాక్ చేశాడు.

"నేను ఊరంతా ఫోన్లు చేశా," అంది దేదీప్య. "మీకు ముందే తెలుసు."

మీరు! ఇన్నాళ్లూ ఆ గౌరవం కావాలనుకున్నవాడికి, వచ్చాక గుండెలో కలుక్కుమంది. రాఘవులు సూట్‌కేస్ తీసుకుని చల్లగా లోపలికి జారుకున్నాడు.

"నేను స్కూల్‌కి వెళ్లింది ఆ వ్యాన్‌లోనే," అన్నాడు నిశాంత్. "వెనక డిక్కీలో, బ్యాగుల మధ్య. వేలంలో దీని ఫోటో చూడగానే కొనేశాను. కానీ మారుతి వ్యాన్ అంటే నవ్వుతారు. ఇంపోర్టెడ్ అంటే చుట్టూ తిరిగి చూస్తారు. షోలో ఇండియా పార్ట్ వేశానని తెలిస్తే..."

"ప్రేమించినదాన్ని పేరు పెట్టి పిలవడానికి సిగ్గేంటి?"

ఆ ప్రశ్న బండిని దాటి ఎక్కడికో వెళ్లి తగిలింది. నిశాంత్‌కి సిగ్గేసింది. వాన తగ్గేదాకా బండి చుట్టూ తిరిగాడు. తర్వాత ఫోన్ తీసి, తెనాలి ఫ్రెండ్స్‌ని ఒక్కొక్కరినీ అన్‌బ్లాక్ చేసి, రేడియేటర్ ఎక్కడ దొరుకుతుందో తనే అడిగాడు. వాళ్లు పగలబడి నవ్వి, చిరునామా ఇచ్చారు.

*

షో ముందు వారం దేదీప్య పిన్ని శశికళ బెజవాడ నుంచి దిగింది. సూట్‌కేస్‌లో కాజాల పక్కన, ఆ చిరునామాలో కొని రెండు నైటీల్లో చుట్టిన రేడియేటర్.

"గోంగూర పచ్చడి దించి దీన్నెక్కించాను," అంది. "ఎయిర్‌పోర్ట్‌లో ఏంటమ్మా ఇది అన్నారు. మా అల్లుడి బండి సామానన్నాను."

"పిన్నీ!"

"అబ్బాయి బండి అంటే ఏ అబ్బాయని అడుగుతారు. అల్లుడంటే ఇంక అడగరు."

నిశాంత్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆవిడ మాట దిద్దలేదు.

పైపు బిగించే క్లాంపు ఒకటి కొంచెం వంచాల్సి వచ్చింది, అంతే. పైపులు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. నీళ్లు పోసి స్టార్ట్ చేస్తే ముల్లు మధ్యకి వచ్చి ఆగింది. దేదీప్య గరాజ్‌లో గెంతిన గెంతుకి పైనున్న సైకిల్ ఊగింది.

*

షో రోజు బండి నడుచుకుంటూ వచ్చింది. ఎడమవైపు కూర్చున్న దేదీప్యే డ్రైవరనుకుని దారంతా జనం ఆమెకే చేతులూపారు. ఆమె కూడా రాణిలా చెయ్యూపింది.

పక్కనున్న మస్టాంగ్ పెద్దాయన వంగి చూశాడు. అరుదైన కారే, పార్ట్స్ ఎక్కడ దొరికాయని అడిగాడు.

నిశాంత్ ఛాతీ విరుచుకున్నాడు. "విజయవాడ. మా దేశంలో దీన్ని మారుతి వ్యాన్ అంటారు సర్. నేను స్కూల్‌కి వెళ్లింది ఇలాంటిదాంట్లోనే." జపాన్ పేరు చెప్పినప్పుడు ఎన్నడూ అంత గట్టిగా చెప్పలేదు.

కాసేపటికి కార్లన్నీ టౌన్ చుట్టూ ఒక రౌండ్ కొట్టడానికి వరసలో నిలబడ్డాయి. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు.

"మాట ఇచ్చా కాబట్టి చెప్తున్నా," అంది దేదీప్య. "కారు."

"వ్యాన్," అన్నాడు నిశాంత్. "ప్రేమించినదాన్ని పేరు పెట్టి పిలవడానికి సిగ్గేంటన్నావు కదా." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "దేదీప్యా."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "నన్ను 'నువ్వు' అన్నావ్!"

"నిన్ను ప్రేమిస్తున్నాను కూడా."

"ఇంత లేటా? వాన రోజునే చెప్తావనుకున్నా, నేను టవల్ విసిరినప్పుడు," అని గేర్ మీదున్న అతని చెయ్యి మీద చెయ్యి వేసింది. "ఇదీ ఊడదు. చెప్తున్నా."

రాఘవులు, శశికళ కిటికీ దగ్గరికి వచ్చారు. శశికళ చిన్న మల్లె దండ తెచ్చింది. గ్రిల్ జోలికి పోకుండా లోపల అద్దానికి దారంతో కట్టింది. రాఘవులు మాత్రం కదలకుండా ముందు నిలబడి అద్దంలోంచి ఇద్దరినీ చూస్తూ ఉండిపోయాడు. స్టీరింగ్ దగ్గర అబ్బాయి, అతని ఎడమ పక్కన తన కూతురు.

"ఏంటి నాన్నా?"

"ఇన్నేళ్లుగా మీ అమ్మని కుడి పక్కన కూర్చోబెట్టుకునే తిప్పుతున్నానే. ఈ దేశంలో కార్లన్నీ అంతే." అన్నాడు రాఘవులు. "పెళ్లి పీటల మీద కూర్చున్నట్టు, ఎడమ పక్కన కూర్చోబెట్టుకునే బండి ఇక్కడ ఇదొక్కటే చూశాను."

నిశాంత్ వైపుకి నడిచి, డోర్ మీద చెయ్యి వేశాడు.

"ఆ సీటు ఇంకెవరికీ ఇవ్వకు బాబూ."

"ఇవ్వను అంకుల్," అని నిశాంత్ వ్యాన్ స్టార్ట్ చేశాడు.