మరక లేని చొక్కా

కొబ్బరిచెట్టు ఎక్కబోయే ముందు దాని మొదలుకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకుంటారు దింపు కార్మికులు. వెంకటస్వామి కూడా కాయలు దింపిన పన్నెండేళ్ళూ రోజుకు యాభై అరవైసార్లు అలా దణ్ణం పెట్టినవాడే. ఆ దణ్ణం మనిషిని కాపాడుతుందా, లేక కాపాడుతుందన్న నమ్మకమే కాపాడుతుందా అన్న అనుమానం ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉంది. గుళ్ళో పూజారిగారిని అడగొచ్చు. శనివారం భజనలో పెద్దవాళ్ళనైనా అడగొచ్చు. అడిగితే, "ఇంతకీ ఈ అనుమానం నీకెప్పుడొచ్చింది?" అంటారు. దానికి జవాబు చెప్పడం ఆయనకిష్టం లేదు.

ఆ గురువారం పొద్దున్న ఇంట్లో దిబ్బరొట్టె కాలుతున్న వాసన వస్తోంది. వెంకటస్వామి స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అంబాజీపేటలో కాయల వలుపు పనికి వెళ్ళడానికి సైకిలు తుడుచుకుంటున్నాడు. మోకాలు పట్టేసి చెట్లెక్కడం మానేసిన దగ్గర్నుంచీ ఆయనది నేల మీద కూర్చుని డొక్క వలిచే పనే. చెట్లెక్కే పని కొడుకు దుర్గేష్ అందుకున్నాడు.

దుర్గేష్ అరుగు మీద పళ్ళెం ముందు కూర్చుని రొట్టెను చిదిపి పొడి చేస్తున్నాడు. ఒక్క ముక్కా నోట్లోకి పోవడం లేదు.

"తినరా. రాత్రీ ముద్ద ముట్టలేదు," అంది తల్లి మరిడమ్మ.

"ఆకలెయ్యట్లేదమ్మా."

"దిష్టి. పచ్చి దిష్టి. మంగళవారం ఉప్పలగుప్తం వెళ్ళి తాయెత్తు తెచ్చి కట్టేనా, ఇంకా తగ్గలేదు చూడు."

వెంకటస్వామి సైకిలు తుడవడం ఆపాడు. "దిష్టీ లేదు, గిష్టీ లేదు. వలుపు దగ్గర మనుషులు ఏవంటన్నారో తెలుసా నీకు? 'ఏం స్వామీ, మీవోడు బాలింతరాలి లాగా పొట్టి చెట్లు ఏరుకుంటన్నాడంట' అంటన్నారు. నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?"

"మామయ్యగారూ, ఇప్పుడెందుకండీ?" అంది లోపల్నుంచి కోడలు లక్ష్మీప్రసన్న.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడమ్మా? వాడి వయసులో నేను రోజుకి అరవై చెట్లు ఎక్కేను."

దుర్గేష్ తలెత్తాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. "నీకైతే మోకాలు పట్టేసింది నాన్నా. నువ్వు మానేసినా ఎవరూ ఏవీ అనలేదు. నీకో కారణం ఉంది." గొంతులో కోపం కూడా లేదు. "నాకేం ఉందని?"

ఆయన మళ్ళీ సైకిలు తుడవసాగాడు. దుర్గేష్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఉయ్యాల్లో నిద్రపోతున్న కూతురి పాదం ఒకసారి పట్టుకుని వదిలాడు. గుమ్మంలో తల్లి దగ్గర ఆగి, మోచేతి పైన తాయెత్తు తడుముకుని, "గట్టిగానే కట్టేవులే అమ్మా," అని నవ్వి, బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు వెంకటస్వామికి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఆలోచించేలోపు కోడలు చేతిలో ఓ చొక్కా పట్టుకుని వచ్చింది.

"మామయ్యగారూ, ఇది చూడండి."

"ఏటమ్మా?"

"ఏవీ లేదండీ. అదేనండి చెప్తన్నాను. ఏవీ లేదు."

ఆయనకు అర్థమైంది. చెట్టు ఎక్కేవాడి చొక్కాకు గుండెల దగ్గర ఇటుకరంగు మరక పడుతుంది. చెట్టును కావలించుకుని ఎక్కుతాడు గనక అది తప్పదు, ఎంత సబ్బు పెట్టినా నాలుగైదు ఉతుకులకు గానీ పోదు. ఆ చొక్కా గుండెల దగ్గర శుభ్రంగా ఉంది.

"పదకొండు రోజుల నుంచి ఇంతేనండి. కూలి ఏదండీ అంటే రైతు దగ్గరే ఉంచేనంటారు. పాలు పోసే నూకరాజుగారిని నిన్న అడిగేను. రోజూ రామ్మూర్తిగారి తోట పక్కన, కాలవగట్టు మీద కూర్చునుంటన్నారంట. సాయంత్రం దాకా." కోడలు కళ్ళు తుడుచుకుంది. "గంగబాబుగారు పడిపోయిన దగ్గర్నుంచీ ఈ దిగులేనండి."

మూడు నెలల కిందట దుర్గేష్ జతగాడు గంగబాబు పక్క చెట్టు మీద నుంచి పడిపోయాడు. నడుము విరిగింది, ఇప్పటికీ మంచం మీదే ఉన్నాడు. అతన్ని చేతుల మీద మోసుకుని రోడ్డు దాకా తెచ్చింది దుర్గేషే. ఆ సాయంత్రం మన బిడ్డ క్షేమంగా ఇంటికొచ్చాడని ఇంట్లో కొబ్బరికాయ కొట్టారు, చక్కెరపొంగలి వండారు. ఏం చూశావురా అని మాత్రం ఎవరూ అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు తిడతారనండీ."

ఇంతలో లోపల ఫోను మోగింది. దుర్గేష్ ఫోను. కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని అందుకోవడానికి వెళ్ళిన మరిడమ్మ అక్కడే నిలబడిపోయింది.

"ఏవండీ," అంది. "వీడి కత్తి ఇక్కడే ఉంది."

దేవుడి పటం కింద మేకుకు రోజూ రెండు వేలాడతాయి. కాయల గెలలు నరికే కత్తి ఒకటి, చెట్టెక్కేటప్పుడు కాళ్ళకు వేసుకునే తాడు బంధం ఒకటి. కత్తి ఉంది. తాడు లేదు.

ముగ్గురూ ఆ మేకు వంక చూశారు. కత్తి లేకుండా తాడు మాత్రం తీసుకెళ్ళినవాడు ఏం పని మీద వెళ్ళాడన్న మాట ఎవరూ పైకి అనలేదు. వెంకటస్వామి అప్పటికే సైకిలెక్కాడు.

దింపు జరుగుతున్న తోట దూరానికే తెలుస్తుంది. కాయలు దబదబా నేలకు రాలే చప్పుడు రెండు తోటల అవతలికి వినిపిస్తుంది. రామ్మూర్తిగారి తోట దగ్గర ఆ ఉదయం ఏ చప్పుడూ లేదు. కాలవగట్టు మీద బండి ఉంది, మనిషి లేడు. వెంకటస్వామి సైకిలును అక్కడే పడేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అడుగుపెట్టని తోట అది. "స్వామీ, స్వామీ" అనుకుంటూ లోపలికి పరుగెత్తాడు.

ఒక చెట్టు మొదట్లో కొడుకు చెప్పులు పక్కపక్కనే విడిచి ఉన్నాయి.

పైకి చూడ్డానికి ఆయనకు ధైర్యం చాలలేదు. చెప్పుల వంకే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు పైనుంచి ఎండిన పూతరెబ్బ ఒకటి రాలి భుజం మీద పడింది. ఆయన తలెత్తాడు.

చెట్టు కొసన మొవ్వుకు రెండు మూరల కింద దుర్గేష్ రెండు చేతులతో చెట్టును చుట్టేసి, చెంప దానికి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. కాళ్ళకు బంధం ఉంది. గాలి లేకపోయినా మట్టలు సన్నగా వణుకుతున్నాయి. మనిషి వణుకే చెట్టుకు పాకుతోంది.

"దుర్గేషూ! ఒరేయ్ అబ్బాయ్!"

"ఎళ్ళిపో నాన్నా." గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. "చేతులు రావట్లేదు. కింద గంగబాబు కనిపిస్తన్నాడు. నువ్వెళ్ళిపో. నువ్వు చూడకు."

ఎవర్నైనా పిలుద్దామంటే కనుచూపు మేరలో మనిషి లేడు. వెంకటస్వామి భుజం మీది కండువా తీసి మెలిపెట్టి, ముడివేసి, రెండు పాదాలకూ తగిలించుకున్నాడు. చెట్టును కావలించుకున్నాడు. ఒక్కో గెంతూ వేస్తూ ఎక్కాడు. కండువా జారుతుంటే మళ్ళీ బిగించాడు. రెండు నిలువుల ఎత్తు ఎక్కేసరికి కిందికి చూశాడు. చూసిన మరుక్షణం చెట్టును గట్టిగా కరుచుకుని ఆగిపోయాడు.

చెట్టు కదిలినట్టయి దుర్గేష్ కళ్ళు తెరిచాడు. "నాన్నా! ఏం చేస్తన్నావు? నీ మోకాలు!"

"మోకాలికేం లేదురా."

"ఏంటీ?"

"ఎప్పుడూ ఏవీ లేదు. నీకు, మీ అమ్మకి, ఊరందరికీ అబద్ధం చెప్పేను." ఆయన చెంప కూడా చెట్టుకు ఆనే ఉంది. "ఇదే తోటలో, నువ్వు పుట్టిన నెలకి, నేనూ నీలాగే పైన ఉండిపోయేను. చేతులు రాలేదు. కింద నేల నాకేసి వచ్చేస్తన్నట్టుండేది. వదిలేస్తే ఈ బాధ పోద్దనిపించింది. నీకూ అనిపిస్తందా?"

పైనుంచి ఇంకో పూతరెబ్బ రాలింది.

"అనిపిస్తంది నాన్నా."

"ఆఁ. అనిపిస్తది. నాకూ అనిపించింది, బతికే ఉన్నాను. ఒరేయ్, నేను ఇంతకంటే పైకి రాలేనురా. నిజంగా రాలేను. నాకూ భయవేస్తంది. నువ్వే నా దాకా దిగాలి."

"నువ్వు పడిపోతావు నాన్నా. దిగిపో."

"నేనొక్కణ్ణీ దిగలేను. నీ ముక్కు ముందు ఏవుందో చెప్పు."

"...చీమలు."

"ఎటెళ్తన్నాయి?"

"కిందికి."

"అయితే వాటి వెనకాలే రా. ఒక్క జాన దిగు. చాలు."

ఒక జాన. ఆగి మళ్ళీ ఒక జాన. మధ్యలో ఒకసారి దుర్గేష్ ఏడ్చాడు, ఏడుపు అయ్యేదాకా వెంకటస్వామి ఆగాడు. చివరికి కొడుకు పాదాలు తండ్రి తలకు తగిలాయి. "ఆయ్, అంతే, అంతే," అంటూ ఆయన తనూ ఒక జాన దిగాడు.

నేల మీద ఇద్దరూ చెట్టుకు చెరో పక్క కూలబడ్డారు. ఇద్దరి చొక్కాల మీదా ఇటుకరంగు మరక పడింది. ఇవాళ చెట్టుకు దణ్ణం పెట్టకుండానే ఎక్కానని వెంకటస్వామికి అప్పుడు గుర్తొచ్చింది. దాని గురించి ఏమనుకోవాలో ఆయనకు తెలియలేదు.

"చచ్చిపోదామని ఎక్కలేదు నాన్నా," అన్నాడు దుర్గేష్. "కాయలు కొయ్యాలన్న తొందర లేకపోతే ఎక్కగలనేమో చూద్దామనుకున్నాను. అందుకే కత్తి తేలేదు. పైకెళ్ళేకే..."

"తెలుసురా."

"నిన్ను ఎవరు దింపేరు?"

వెంకటస్వామి కండువా ముడి విప్పాడు. "సూరయ్య. నా జతగాడు. నా కాళ్ళ కిందకొచ్చి భుజం పెట్టి జానెడు జానెడు దింపేడు. అంతలో రామ్మూర్తిగారు వచ్చి, సగం చెట్లు కూడా అవ్వలేదేంట్రా అని గోల. నాకు నోట్లో మాట లేదు. సూరయ్యేమో, 'తప్పు నాదండీ, రాత్రి తాగింది దిగలేదండీ, పడి నిద్దరోయేను' అనేశాడు. చుక్క ముట్టని మనిషి. మర్నాటి నుంచి ఊళ్ళో తాగుబోతు సూరయ్య అయిపోయేడు. నేను మోకాలు పట్టుకుని మంచమెక్కేను."

"మరి నువ్వు చెప్పలేదా ఎవరికీ?"

"ఇప్పుడే చెప్పడం."

ఇంట్లో మరిడమ్మ ఏడ్చినంతసేపు ఏడ్చి, డాక్టరు మాట వచ్చేసరికి మాత్రం గయ్యిమంది. "పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు ఊళ్ళో పిచ్చోడంటారు నా కొడుకుని!"

"అయితే నన్నూ అనమను," అన్నాడు వెంకటస్వామి. "పిచ్చోడి అబ్బ కూడా పిచ్చోడే అనమను. డాక్టరు దగ్గర ముందు పేరు నాదే రాయిస్తాను."

"అత్తయ్యగారూ," అంది లక్ష్మీప్రసన్న నెమ్మదిగా, "తాయెత్తు తియ్యొద్దండీ. ఉంచండి. డాక్టరు దగ్గరికీ పంపండి."

అమలాపురంలో డాక్టరుగారు చాలాసేపు విన్నారు. ఇది భయం తెచ్చిన జబ్బని, నయమవుతుందని, కొన్ని నెలలు మందులు వాడాలని, వారం వారం వచ్చి మాట్లాడాలని చెప్పారు. వదిలేద్దామన్న ఆలోచన మళ్ళీ వస్తే ఒక్క గంట కూడా దాచకుండా ఇంట్లో చెప్పాలని దుర్గేష్ చేత మాట తీసుకున్నారు. చెట్ల మాట ఇప్పట్లో తలపెట్టొద్దన్నారు. మరిడమ్మ ఆ మందుల్ని దేవుడి అరలో పెట్టి, హారతి అయ్యాక తీర్థంలా అరచేతిలో పోసి ఇవ్వడం మొదలుపెట్టింది. అలా ఇస్తేనే ఆవిడకు తృప్తి.

నాలుగోసారి అమలాపురం వెళ్ళి వస్తూ వెంకటస్వామి, "ఇక్కడ ఆపరా," అన్నాడు. దుర్గేష్ బండి ఆపాడు.

సూరయ్య వాకిట్లో కొబ్బరి ఈనెలు చీరుతున్నాడు. భార్య సత్తెమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. "ఏవండోయ్ స్వామిగారు! దారి తప్పేరా?" అంది. "కూర్చోండి. ఈయనకేం, బాగానే ఉన్నారు. ఈ వయసులో తాగుడికి ఎవరు పిలుస్తారులెండి."

వెంకటస్వామి కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడి మొత్తం చెప్పాడు. చెట్టు, భయం, భుజం, రామ్మూర్తిగారు, తాగానన్న మాట, ఇన్నేళ్ళ తన నోరు మూత. సూరయ్య తలెత్తకుండా ఈనెలు చీరుతూనే ఉన్నాడు. సత్తెమ్మ చేతిలో చాట అలాగే ఉండిపోయింది.

"ఒక్కసారి కూడా తాగలేదా?" అని మొగుణ్ణి అడిగింది.

"లేదే."

"రోజూ సాయంత్రం గుమ్మంలో ఆపి నోరు వాసన చూసేదాన్ని గదయ్యా! ఎన్నేళ్ళు చూసేను! నాకైనా ఎందుకు చెప్పలేదు?"

"అది వాడి మాటే. వాడు చెప్పుకోవాలి గానీ నేనెలా చెప్తాను?"

సత్తెమ్మ చాట దింపింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చివాలున లేచి వీధి గుమ్మంలోకి వెళ్ళింది. "ఓ లక్ష్మీతులసీ! మీ ఆయన్ని కూడా తీసుకురాయే! ఇలా రండి అందరూ! మా ఆయన ఎప్పుడూ తాగలేదంట!"

ఎదురింటి ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ వెనక మొగుడు, అతని వెనక ఇంకో నలుగురు వచ్చారు. సూరయ్య, "ఎందుకే ఇప్పుడు," అని గొణిగాడు.

"మీరుండండి," అని సత్తెమ్మ వెంకటస్వామి వైపు తిరిగింది. "స్వామిగారూ, మళ్ళీ చెప్పండి. మొదటి నుంచి."

వెంకటస్వామి కొడుకు వంక చూశాడు. దుర్గేష్ బండి స్టాండు వేసి, వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. వెంకటస్వామి గొంతు సవరించుకుని, వెనకున్నవాళ్ళకు కూడా వినపడేలా మొదలుపెట్టాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళ కిందటండి. రామ్మూర్తిగారి తోటలో నేను చెట్టెక్కి, భయపడిపోయి, దిగలేకపోయేనండి..."