ఇమానం చెలక

హసన్‌పర్తి చెరువు దాటి కొంచెం దూరం పోతే, ఎడమచేతి పక్కన ఎర్ర చెలక, అంటే ఎర్రమట్టి మెట్టచేను, ఒకటి ఉంది. ఎనభై మూడులో విమానం కూలిన దగ్గర్నుంచి దానికి ఇమానం చెలక అనే పేరు స్థిరపడిపోయింది. పొద్దుగూకాక ఆ దారిన బండి కట్టేవాడు లేడు. కల్లు తాగి పాడుకుంటూ వచ్చేవాళ్లు కూడా ఆ మలుపు రాగానే పాట ఆపి, చెప్పులు చేత పట్టుకుని గబగబా దాటేసేవారట.

ఎందుకంటే అక్కడ రాత్రిపూట ఇంజను వినిపిస్తుంది.

ముందు గుర్రుమని ఒకటే చప్పుడు... ఆ తర్వాత దగ్గు, ఉండి ఉండి దగ్గు... ఆ తర్వాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడానికే గుండె జారిపోయేది అంటారు విన్నవాళ్లు. కాసేపటికి ఎవరో పొడుగ్గా, లోపలికి, ఊపిరి పీల్చినట్టు — స్‌స్‌స్ — అని వినిపిస్తుంది. మళ్లీ ఇంజను మొదలవుతుంది.

ఆ ఊపిరి కెప్టెన్ రాజేశ్వర్ రావుదని అందరూ నమ్మారు. ఆ చెలకలో విమానంతో పాటు పడి చచ్చిపోయినవాడు ఆయనే.

ఈ మాట చెవిన పడితే వీరభద్రానికి ఒళ్లు మండేది. హనుమకొండ చౌరస్తాలో పురుగు మందుల దుకాణం ఆయనది. రోత పడటంలో ఆయన తర్వాతే ఎవరైనా. టీ గ్లాసు అంచున మరక కనిపిస్తే తాగడు. రైతు ముట్టుకున్న సీసాను ఆ రైతు మెట్లు దిగకముందే గుడ్డతో తుడుస్తాడు. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే మరీ రోత.

"దయ్యం లేదు, గియ్యం లేదు," అనేవాడు. "టాంకుల పెట్రోలు సూసుకోకుండ ఎక్కిండు. అయిపోయింది, పడ్డడు. గంతే."

అసలు ఆ విమానాన్ని రప్పించింది ఆయనే. ఆ ఏడు పత్తికి పురుగు పట్టి, ఎంత మందు కొట్టినా చావకపోతే, గాల్లోంచి మందు చల్లించే చిన్న విమానాన్ని హైదరాబాదు నుంచి మాట్లాడి తెచ్చాడు. చెరువు అవతల మట్టి బాట చదును చేయించాడు. నడిపేవాడు మన హనుమకొండ పిల్లవాడే, రాజేశ్వర్ రావు.

ముందు రోజు సాయంత్రం రాజేశ్వర్ రావు దుకాణంలో కూర్చుని టీ తాగుతూ చెప్పాడు.

"చిన్న ఇమానాలు కూలనీకి పెద్ద కారణాలు అక్కర్లేదన్నా. ఒక్కటే ఇంజను. అది ఆగితే రెండోది లేదు. నా దోస్తు ఒకడు కరెంటు తీగ సూడలేదు. ఇంకొకడు వాననీళ్లు చేరిన పెట్రోలు పోసుకున్నడు. మాకు నేర్పిన సారు ఇమానమైతే కందిరీగతోని పడ్డది. టాంకుకు గాలి పోయే దారిల మన్ను పెట్టి గూడు కట్టింది. గాలి పోకుంటే పెట్రోలు దిగదు. టాంకు నిండ ఉన్నా ఇంజను కడుపు మాడుతది."

వీరభద్రం ఈ మాటలేవీ బుర్రకెక్కించుకోలేదు. ఆయన చూపంతా బల్ల మీద పడిన టీ చుక్క మీదే ఉంది. మాట అయ్యేదాకా ఆగి, గుడ్డ తీసి తుడిచాడు.

తెల్లవారి విమానానికి పూజ చేశారు. కొత్త త్రాసు వచ్చినా, కొత్త లారీ వచ్చినా పూజ లేకుండా కదలనివ్వడు వీరభద్రం. విమానాన్ని మాత్రం ఎట్లా వదులుతాడు? చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. కొబ్బరికాయ కొట్టాడు. స్టూలు తెప్పించుకుని ఎక్కి, విమానం ముక్కు మీద, పైలట్ కూర్చునే చోటి అద్దానికి ముందర, ఎండకు తళతళలాడే గుండ్రటి మూతకు పసుపు ముద్ద మెత్తి, నడిమధ్యన బొటనవేలితో కుంకుమ అద్దాడు. చూసినవాళ్లంతా దండం పెట్టారు. రాజేశ్వర్ రావు లోపల బెల్టు బిగించుకుంటూ నవ్వాడు.

"మంచిగ పెట్టిండ్రన్నా. మా సరస్వతి గిట్లనే పెడుతది."

విమానం లేచింది. రెండు చేలకు మందు చల్లింది. మలుపు దగ్గర మొండయ్య అనే రైతు చెలక మీదికి వచ్చి తిరుగుతుండగా దగ్గింది... ఆగింది.

జనం పరుగెత్తారు. ఇక్కడ నిజంగా రోత పుట్టించే సంగతి ఒకటుంది. మనిషి లోపల ఇంకా మూలుగుతుండగానే రేకులు పీకడం మొదలైంది. వైర్లు ఒకడు, చక్రం ఒకడు, చేతి గడియారం ఇంకొకడు. వీరభద్రం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి చూశాడు. ఒక్కడిని కూడా ఆపలేదు. మర్నాడు పెద్ద ఆఫీసర్లు వచ్చేసరికి పెట్రోలు టాంకే లేదు. మంట అంటుకోలేదు, నేల మీద పెట్రోలు వాసన లేదు. టాంకు ఖాళీగా ఉండి ఉంటుందని అనుకున్నారు. మనిషి ఎలాంటివాడని వీరభద్రాన్ని అడిగారు.

"జర నిర్లక్ష్యం మనిషే సార్," అన్నాడు వీరభద్రం. బల్ల మీద టీ ఒలకబోసినవాడు గుర్తొచ్చాడు కాబోలు.

అదే మాట కాగితం మీదికి ఎక్కింది. పెట్రోలు చూసుకోకుండా ఎగిరి చచ్చిన పైలట్ అని ఊరంతా చెప్పుకున్నారు. రాజేశ్వర్ రావు భార్య సరస్వతి బళ్లో పంతులమ్మ. నల్లబల్ల మీద ఎవరో పిల్లలు విమానం బొమ్మ గీసి, పక్కన ఖాళీ డబ్బా గీశారట. ఆమె తుడిచేసి పాఠం చెప్పింది. ఏడాదికోసారి, ఆయన పోయిన రోజున మాత్రం దుకాణానికి వచ్చి మెట్టు కిందే నిలబడేది.

"టాంకు సూడకుండ ఎక్కే మనిషి కాదన్నా ఆయన. ఆ పొద్దు మీరు పక్కనే ఉన్నరు. మీరు ఒక్క మాట చెప్తే నమ్ముతరు."

"నాకేం తెలుసమ్మా," అనేవాడు వీరభద్రం. ఆమె పోయాక మెట్టు కడిగించేవాడు.

ఇట్లా మూడేళ్లు గడిచాయి. ఒక రాత్రి వీరభద్రం భార్య పద్మతో కలిసి ఆమె తమ్ముడింట విందుకు పోయాడు. ఊరు హసన్‌పర్తి అవతల. చీకటి పడిందని ఉండమన్నారు. పరుపు మీద నూనె మరక కనిపించింది. పద్మను అక్కడే వదిలి స్కూటరెక్కాడు.

ఇమానం చెలక మలుపు దగ్గర స్కూటరు ఆగింది.

కిక్కు కొట్టాడు, లేవలేదు. పక్కకు వంచి మళ్లీ కొట్టాడు. మూత తీసి, స్కూటరును ఊపి విన్నాడు... లోపల చుక్క పెట్రోలు లేదు. బయలుదేరేటప్పుడు చూసుకోలేదు. ఒకరి గురించి మూడేళ్లుగా అంటున్న మాట తన మీదికే తిరిగొచ్చినట్టయింది. ఆ చీకట్లో ఎవరూ చూడకపోయినా ఆయనకు సిగ్గేసింది.

అప్పుడు వినిపించింది.

గుర్రుమని... చెలక లోపలి నుంచి.

వీరభద్రం స్కూటరు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు. దయ్యం లేదు, గియ్యం లేదు — పెదవులు అంటున్నాయి గానీ గొంతు రావడం లేదు. చప్పుడు దగ్గింది... మళ్లీ దగ్గింది... ఆగింది. కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నట్టనిపించింది.

స్‌స్‌స్...

చెవి పక్కనే ఎవరో ఊపిరి పీల్చినట్టుంది. పారిపోవాలనుకున్నాడు. స్కూటరు వదిలి పోతే తెల్లారి ఊరంతా నవ్వుతుంది. ఆ నవ్వు తలుచుకుంటే దెయ్యమే నయమనిపించింది. బురద అంటకుండా పంచె ఎత్తి పట్టుకుని, గట్టు మీదుగా చప్పుడు వచ్చిన వైపు నడిచాడు.

బావి ఒడ్డున కందిలి వెలుగుతోంది. ఆ వెలుగులో తెల్లగా... విమానం రెక్క. దాని కింద ఒక మనిషి వంగి ఉన్నాడు. కదలడం లేదు.

"ఎవలది..." అన్నాడు ఆ మనిషి, గుసగుసగా.

కందిలి పైకి లేచింది. దాని వెనక మొండయ్య ముఖం.

"సేటు... మీరా? ఈ యాళ్లప్పుడు?"

వీరభద్రం ఊపిరి పీల్చుకుని చుట్టూ చూశాడు. రెక్క రేకును గుంజల మీద కప్పు వేసుకున్నాడు మొండయ్య. కింద నీళ్లు తోడే ఆయిల్ ఇంజను. దానికి పైన, కొయ్య మీద కట్టి ఉన్నది విమానం టాంకు. భయం పోయి, ఆ జాగాలోకి రోత వచ్చింది.

"దొంగ ముండాకొడుకా," అన్నాడు. "మనిషి సావకముందే టాంకు గుంజుకచ్చినవా?"

మొండయ్య తల దించుకున్నాడు. "తప్పే సేటు. పోలీసోళ్లు గుర్తుపడుతరని రాత్రే నడుపుత. దయ్యమని అందరు బుగులువడుతున్నరు గదా, ఎవలు రారు. గని దయ్యం ఉన్నది నిజమే. ఈ టాంకులనే ఉన్నడు కెప్టెన్ సాబు."

"ఏం కూస్తున్నవ్?"

"సూడుండ్రి."

మొండయ్య టాంకు మూత బిగించాడు. రోజూ పసుపు పూసీ పూసీ ఆ మూత కందగడ్డలా ఉంది. పైన తడి కుంకుమ. హ్యాండిలు తిప్పి ఇంజను లేపాడు. గుర్రుమంది. బావి నీళ్లు గొట్టంలోంచి దూకాయి. కాసేపు బాగానే నడిచింది. తర్వాత దగ్గింది... మళ్లీ దగ్గింది... ఆగిపోయింది.

మొండయ్య మూత విప్పాడు. స్‌స్‌స్ అని టాంకు లోపలికి గాలి పీల్చుకుంది.

"ఇన్నరా? ఊపిరి తీసుకున్నడు. రోజు పసుపు కుంకుమ పెట్టి మొక్కుత. అయినా గిట్లనే సతాయిస్తడు."

వీరభద్రం మూత లాక్కుని కందిలి దగ్గర పెట్టి చూశాడు. గోటితో పసుపు గీకాడు. పొరలు పొరలుగా ఊడింది. నడిమధ్యన, కుంకుమ కింద, సన్నటి బెజ్జం. దాని నిండా గట్టిపడిన పసుపు.

గాలి పోకుంటే పెట్రోలు దిగదు... టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న కుర్రవాడి గొంతు ఇప్పుడు ఆయన చెవుల్లో పడింది.

"ఈడ ఎందుకు పెట్టినవ్ పసుపు?" అన్నాడు.

"మీరు పెట్టిన జాగలనే సేటు. ఆ పొద్దు పూజకాడ నేను ఆడనే ఉన్న. పెద్దలు మీరు, ఎక్కడ పెట్టాల్నో మీకు తెల్వదా?"

"టాంకుల... పెట్రోలు ఉండెనా?"

"ఉండుడేంది సేటు. నిండ ఉండె. ఇద్దరం మోసినం, మొయ్యలేక సచ్చినం."

వీరభద్రం అగ్గిపుల్ల తీసి బెజ్జంలో పొడిచాడు. అవతలికి వెలుతురు కనిపించేదాకా పొడిచి, మూత బిగించాడు. "నడుపు," అన్నాడు.

ఇంజను లేచింది. వీరభద్రం బురదలో నిలబడి విన్నాడు. చెప్పులు మునిగిపోతున్నా కదల్లేదు. ఆగితే బాగుండు. ఒక్కసారి దగ్గితే చాలు, తన తప్పు కాదనుకుని ఇంటికి పోవచ్చు. ఎంతసేపు చూసినా అది ఆగలేదు. నీళ్లు చెలకంతా నిండి గట్టు దాటి పారాయి.

"దయ్యం పోయింది సేటు," అన్నాడు మొండయ్య, కళ్లనీళ్లు పెట్టుకుని. ఆయన కాళ్లు మొక్కాడు.

వీరభద్రం కాలువ దగ్గర కూర్చుని బొటనవేలు కడుక్కున్నాడు. మట్టి పెట్టి తోమాడు. గోరు కింద పసుపు పోలేదు. వాసన చూశాడు... గట్టు మీదే తిన్నదంతా కక్కుకున్నాడు.

ఆ రాత్రి తర్వాత ఇమానం చెలకలో ఇంజను మధ్యలో ఆగింది లేదు, ఆ ఊపిరి వినిపించింది లేదు. టాంకు సంగతి మింగేసి, ఇప్పుడు వినిపించేది తన బావి ఇంజనేనని, దెయ్యాన్ని వీరభద్రం సేటు వెళ్లగొట్టాడని మొండయ్య ఊరూరా చెప్పాడు. రైతులు దుకాణానికి వచ్చి దండాలు పెట్టారు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. సీసాలు తుడవడం మానేశాడని మాత్రం అందరూ గమనించారు.

రావలసిన రోజున సరస్వతి వచ్చింది. మెట్టు కిందే నిలబడింది. ఈసారి పాత మాట అడగలేదు.

"మా ఆయనను మీరు చూసిండ్రట గదన్నా." ఆమె గొంతు బాగా తగ్గింది. "ఏమన్న... చెప్పిండా?"

వీరభద్రం బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు. చెప్పడానికి ఒక్క మాట చాలు. మూడేళ్లుగా ఆమె అడుగుతున్నదీ ఆ ఒక్క మాటే. దుకాణంలో నలుగురు రైతులు చేతులు కట్టుకుని ఆయన వైపే చూస్తున్నారు.

"ఏం చెప్పలేదమ్మా," అన్నాడు.

ఆమె తలూపి వెళ్లిపోయింది. చెప్పుకోవాలంటేనే నోరు చేదయ్యే సంగతి ఇది.

ఆ రాత్రి పద్మకు మెలకువ వచ్చింది. పక్కన ఎవరో దగ్గుతున్నారు... మళ్లీ దగ్గారు... ఆగిపోయింది. గదిలో ఏమీ వినిపించలేదు. ఆమె లేచి కూర్చునేలోగా —

స్‌స్‌స్...

లైటు వేసింది. వీరభద్రం వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకునే, బొటనవేలు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"మూత తియ్యి," అన్నాడు నిద్రలో. "జర మూత తియ్యి పద్మా... నిండ ఉంది."