ఒక సైజు తక్కువ

జాకీ దానంతట అది జారలేదు. జారేటట్టు ఎవరో చేశారు.

ట్రక్కు కింద పడుకుని ఫిల్టర్ విప్పుతున్న మనిషి మళ్ళీ బయటికి రాలేదు. రిపోర్టులో ప్రమాదం అని రాశారు. పోయినవాడు మెకానిక్కు కాదని, రహస్య శాఖ ఏజెంటని ఈ వైపు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు చీఫ్. రెండోవాడు టైర్ల దుకాణం మేడ మీద, చీఫ్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

డిపార్ట్‌మెంటులో అతన్ని అందరూ స్టెపినీ అంటారు. ముందు వెళ్ళిన ఏజెంటుకు ఏదైనా అయితే ఆ స్థానంలో బిగించే మనిషి కాబట్టి. ఆ పేరు పెట్టినవాడు దొరికితే వాడి సంగతి చూడాలని అతనికి చాలాకాలం ఉండేది. పెట్టింది చీఫేనని తెలిశాక ఆ కోరిక మానుకున్నాడు.

"కూర్చో," అన్నాడు చీఫ్.

"వద్దు సార్. ఆ కుర్చీకి ఒక కాలు లేదు."

"సైఫర్ మాస్టారిని ఎత్తుకుపోయారు. మన నౌకాదళం కోడ్ యంత్రం మొత్తం ఆయన బుర్రలోనే ఉంది. విదేశీ ముఠా. డీజిల్ ట్రక్కు, వెనక హౌస్ ట్రైలర్, విహారయాత్రకు పోతున్న కుటుంబం. అదీ వాళ్ళ వేషం. సరిహద్దు వంతెన దాటారంటే మన పని అయిపోయినట్టే."

"చెక్‌పోస్టులో పట్టుకోవచ్చుగా?"

"టూరిస్టు బళ్ళను ఆపి వెతకకూడదని రెండు దేశాలకూ ఒప్పందం. వాళ్ళు దాక్కున్న షెడ్డు మీద పడితే ముందు మాస్టారిని చంపేస్తారు. కానీ బండి దానంతట అది ఆగిపోయిందనుకో, మనవాళ్ళు వెళ్ళి సాయం చేయొచ్చు. సాయం చేస్తూ తలుపు తీయొచ్చు." చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "వాళ్ళు పిలిపించుకున్న కొత్త డ్రైవర్ని పొద్దున బస్సు దిగగానే మనం లోపలేశాం. అతని బదులు నువ్వు వెళ్తున్నావు. నీకు భార్య కూడా ఉంటుంది. వేషానికి. పేరు నెమలి."

"మన మనిషేనా?"

"మనకూ రిపోర్టు రాస్తుంది, వాళ్ళకూ రాస్తుంది. ఎవరికి రాసేది నిజమో నాకు తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?"

బయల్దేరేముందు ఒక గ్యాడ్జెట్ చేతిలో పెట్టారు. చూడ్డానికి టైర్ల గాలి కొలిచే గేజి. నొక్కితే రేడియో సిగ్నల్.

షెడ్డు ఊరి చివర ఉంది. చుట్టూ రేకులు, పైన రేకులు, ఒకటే గేటు. గేటు చిన్న కిటికీలోంచి ఎవరో అడిగారు.

"డీజిల్లో నీళ్ళున్నాయా?"

"వడగట్టే తెచ్చాను," అన్నాడు స్టెపినీ.

గేటు తెరుచుకుంది, అతను లోపలికి రాగానే మూసుకుంది. తాళంచెవి ఒక పెద్దమనిషి మెడలో గొలుసుకు వేలాడుతోంది. నెరిసిన జుట్టు, తెల్లటి చొక్కా, పిల్లనిచ్చిన మామ ముఖం. ముఠా నాయకుడు ఆయనే.

"రా అల్లుడూ," అన్నాడాయన. "ఇప్పట్నుంచే వరసలు అలవాటు చేసుకోవాలి. నేను మామగారిని. వీళ్ళిద్దరూ నీ బావమరుదులు. బయల్దేరేదాకా ఈ గేటు ఎవరికీ తెరుచుకోదు."

ఇల్లరికం అంటే ఇదే కాబోలు అనుకున్నాడు స్టెపినీ. జేబులో గేజి నొక్కి చూశాడు. చిన్న దీపం ఎర్రగా వెలిగి ఆరిపోయింది. నాలుగు వైపులా రేకులున్నచోట సిగ్నల్ ఎక్కడికి పోతుంది? తను ఇక్కడ ఉన్నట్టు చీఫ్‌కు తెలుసు. మిగతాది ఎవరికీ తెలియదు. అతనికి చెమట పట్టింది రేకుల వేడికి ఊపిరాడక కాదు.

భార్య ట్రైలర్ మెట్ల మీద కూర్చుని గోళ్ళకు రంగు వేసుకుంటోంది. నల్లకళ్ళద్దాలు, మెడకు పచ్చ స్కార్ఫు, పక్కన తోలు హ్యాండ్‌బ్యాగు. అద్దాలు కిందికి దించి మొగుణ్ణి ఒకసారి చూసింది.

"పోయినసారి వచ్చిన ఆయన ఇంతకన్నా పొడుగు, నాన్నా," అంది, మామగారితో.

పని మొదలైంది. దూరప్రయాణం, వెనక బరువు, కొండదారి. ఏ ఒక్కటి అశ్రద్ధ చేసినా దారిలో పడుకోవాల్సిందే. స్టెపినీ రేడియేటర్ చూశాడు, బెల్టులు నొక్కి చూశాడు, ఫిల్టర్ అడుగున మర విప్పి డీజిల్లో చేరిన నీళ్ళు వదిలాడు. ట్రైలర్ ట్రక్కుకన్నా వెడల్పు కాబట్టి పక్క అద్దాలను బయటికి జరిపి బిగించాడు. ట్రైలర్ తలుపు తెరిచి చూడబోతే మాత్రం చిన్న బావమరిది చెయ్యి అడ్డం పెట్టాడు.

"బావా, నీది ట్రక్కు. ట్రైలర్ నాది."

"సరేలే. పెద్దవాడు?"

"ట్రక్కు చెకింగ్ వాడిది. వాడు ట్రైలర్ ముట్టుకోడు, నేను ట్రక్కు ముట్టుకోను. ఒకడు పట్టుబడితే రెండోదాని సంగతి చెప్పలేడు. మామగారి రూలు."

గూఢచారులకు అంతకన్నా మంచి రూలు ఉండదు. ఎవరికి అవసరమైనంత వాళ్ళకే తెలియాలి. బండి కట్టేవాళ్ళకు అంతకన్నా చెడ్డ రూలు కూడా ఉండదు. ట్రక్కుకూ ట్రైలర్‌కూ మధ్య కొక్కెం ఒకటుంటుంది. ట్రక్కు వెనక ఉక్కు బంతి, ట్రైలర్ ముక్కున దాన్ని పట్టుకునే గిన్నె, అటూ ఇటూ రెండు గొలుసులు. అది పెద్దవాడి లెక్కలో ట్రైలర్‌ది, చిన్నవాడి లెక్కలో ట్రక్కుది. ఎవరూ వంగి చూడరు.

స్టెపినీకి ఆ రోజు మొదటిసారి ఊపిరి ఆడింది.

సామాన్ల పెట్టెలో బంతులు రెండున్నాయి. ఒకటి ఈ ట్రైలర్‌కు సరిపోయేది, రెండోది చిన్న లగేజి బండికి వాడేది, ఒక సైజు తక్కువ. అతను పెద్దది విప్పి చిన్నది బిగించాడు. మీద గ్రీజు దట్టంగా పూశాడు. లీవరు మూసుకుంది. బండి ముందుకు లాగి చూస్తే గట్టిగా పట్టుకున్నట్టే ఉంటుంది. చదును రోడ్డు మీద ఎంత దూరమైనా పోతుంది. ఎత్తు మీద వేగంగా ఎగిరిందా, గిన్నె బంతి మీదనుంచి లేచి వచ్చేస్తుంది. గొలుసుల మేకులు తీసేసి బదులు సన్నటి తీగ చుట్టాడు. ఒక్క సన్నటి కేబుల్‌ను మాత్రం పద్ధతిగా తగిలించాడు. ట్రైలర్ విడిపోతే ఆ కేబుల్ ఒక పిన్నును లాగుతుంది, ట్రైలర్ సొంత బ్యాటరీతో దాని బ్రేకులు పడిపోతాయి.

చెక్‌పోస్టు గేటు ముందు పెద్ద స్పీడ్ బ్రేకర్ ఉంది. దాని అవతల దారి వాలుగా వంతెన మీదికి దిగుతుంది. స్టీరింగ్ తన చేతిలోనే ఉంటుంది. అక్కడ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే చాలు.

పెద్ద బంతిని పాత ఆయిల్ డ్రమ్ములో పడేసి, మూత పెట్టి తిరిగి చూసేసరికి నెమలి వెనకే నిలబడి ఉంది. చేతిలో చిన్న అద్దం పెట్టుకుని జుట్టు సరిచేసుకుంటోంది. వంగి కొక్కెం మీద వేలితో రాసింది. ఆ వేలు తెచ్చి అతని చొక్కాకే తుడిచింది.

"గ్రీజు ఎక్కువైందండీ," అని వెళ్ళిపోయింది.

అర్థమైందో, కాలేదో. అర్థమైతే ఏ రిపోర్టులో రాస్తుందో. స్టెపినీకి రేకులు మళ్ళీ దగ్గరకు జరిగినట్టనిపించింది.

మర్నాడు పొద్దున బయల్దేరే ముందు మామగారు అందరినీ నిలబెట్టారు.

"ట్రక్కు?"

"ఓకే," అన్నాడు పెద్దవాడు.

"ట్రైలర్?"

"ఓకే. టైర్లలో గాలి ఒక్కటి చూడాలి. నా గేజి పగిలింది. బావా, నీది ఇలా ఇవ్వు."

ఇవ్వనంటే అనుమానం. ఇచ్చాడు. చిన్నవాడు దాన్ని వాల్వుకు ఆనించి చూశాడు. విదిలించి మళ్ళీ చూశాడు. ముల్లు కదల్లేదు. ఎర్ర దీపం మాత్రం ముచ్చటగా వెలిగింది.

డిపార్ట్‌మెంటు సైంటిస్టులు ఆ గేజిలో సమస్తం పెట్టారు, గాలి కొలిచే పని తప్ప.

మామగారు గేజి తీసుకుని తిప్పితిప్పి చూశారు. పిస్టల్ ఎప్పుడు తీశారో తెలియలేదు.

"అల్లుడూ, నిన్ను ఇక్కడే వదిలేసి పోవచ్చు. కానీ అవతల నీతో మాట్లాడాలనుకునేవాళ్ళు ఉన్నారు. నువ్వు కూడా ట్రైలర్‌లోనే రా. మాస్టారికి తోడుంటావు."

"మరి బండెవరు నడుపుతారు?" అన్నాడు పెద్దవాడు. "కాగితాల మీద మొగుడూ పెళ్ళాలకే లైసెన్సు."

"నేను నడుపుతాను," అంది నెమలి.

చేతులు వెనక్కి కడుతుంటే స్టెపినీ ఆయిల్ డ్రమ్ము వైపు చూశాడు. మూత పక్కకు తీసి ఉంది. లోపల బంతి లేదు. తీసింది ఎవరు? తీసి బిగించేశారా? ఇక్కణ్ణుంచి కొక్కెం కనిపించదు. మిగిలింది ఒక్క నోరే. దానితో చేయగలిగింది చేశాడు.

"ఏమే, చెక్‌పోస్టు గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ ఉంది. అక్కడ మెల్లగా పో. వెనక బరువుంది, ఎగిరితే కష్టం."

నెమలి హ్యాండ్‌బ్యాగు చిన్నవాడికి అందించి డ్రైవర్ సీట్లోకి ఎక్కింది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస, నాన్నా," అంది. "బండి నడపడం నాకు ఈయన నేర్పాలి."

"అక్కా, ఇందులో రాళ్ళేమైనా పెట్టావా?" అన్నాడు చిన్నవాడు, బ్యాగు మోయలేక.

"మేకప్ సామాను."

ట్రైలర్‌లో మంచం కింద దొంగ అర. అందులో ఇద్దరు పట్టరు, అయినా పట్టించారు. పలకలు మూసుకున్నాయి. చీకటి, డీజిల్ వాసన, ముఖానికి ఆనుకున్న చెక్క. మోకాలు మడవడానికి లేదు, తల ఎత్తడానికి లేదు. ఇంజను దడదడమని మొదలైంది. పక్కన ఎవరో దగ్గారు.

"ఎవరు బాబూ?"

"డిపార్ట్‌మెంటు నుంచి. మిమ్మల్ని కాపాడ్డానికి వచ్చాను మాస్టారూ."

"బాగుంది," అన్నారు మాస్టారు.

బండి ఊగుతూ పోతోంది. మలుపు తిరిగినప్పుడల్లా ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

"ఒక మాట చెప్తాను, కోప్పడకు. నేను వీరుణ్ణి కాను. చిన్నప్పుడు ఇంజక్షన్‌కే స్పృహ తప్పేవాణ్ణి. వంతెన దాటించి నాలుగు తగిలిస్తే అంతా చెప్పేస్తాను. మన ఓడల్లో ఉన్న పిల్లలంతా నా నోటి మీద ఆధారపడి ఉన్నారు. నన్ను అవతలికి వెళ్ళనివ్వకు."

ఆ గొంతులో వణుకు విని స్టెపినీకి ఏడుపొచ్చినంత పనైంది. ఆయన చేత ఇంత నిజం పలికించిన భయం మీద కోపం కూడా వచ్చింది.

"వెళ్ళనివ్వను," అన్నాడు. తల పక్కకు తిప్పబోతే బుగ్గకు ఏదో చల్లగా తగిలింది. బ్యాటరీ. బండి కుదుపుకు దాని తీగ కటకటమని కొట్టుకుంటోంది. నట్టు వదులుగా ఉంది. చిన్నవాడు ట్రైలర్ ఓకే అన్నది ఇదన్నమాట. కరెంటు అందకపోతే బ్రేకులు పడవు. బ్రేకులు పడకపోతే విడిపోయిన ట్రైలర్ వాలు దారిలో ఏటి వైపు దొర్లుతుంది, లోపల ఇద్దరితో.

"మాస్టారూ, మీ చేతులు ముందుకు కట్టారా, వెనక్కా?"

"ముందుకే. ముసలివాణ్ణని జాలిపడ్డారు."

"నా చెవి దగ్గర నట్టు ఉంది. వేళ్ళతో బిగించండి. చురుక్కుమనొచ్చు."

"నొప్పి అంటే భయమని ఇప్పుడేగా చెప్పాను," అన్నారు మాస్టారు. అంటూనే తడుముకుంటూ చేతులు చాపారు. ఒక నిప్పురవ్వ మెరిసింది. ఆయన మూలిగారు గాని వేళ్ళు తీయలేదు. తిప్పారు, జారింది, మళ్ళీ తిప్పారు. కటకట ఆగిపోయింది.

బయట వేరే బళ్ళ హారన్లు, మనుషుల మాటలు. చెక్‌పోస్టు. ట్రక్కు వేగం తగ్గుతోంది. గేరు మారింది. ఇంకా తగ్గింది. ఇంత మెల్లగా ఎక్కితే చిన్న బంతి కూడా వదలదు. పెద్ద బంతి బిగించి ఉంటే అసలు గొడవే లేదు. తను మెల్లగా పొమ్మన్నాడు, ఆమె మెల్లగా పోతోంది. జీవితంలో మొదటిసారి ఒక భార్య తన మాట వింటోందని స్టెపినీ పళ్ళు కొరుక్కున్నాడు.

"ఏమైంది?" అన్నారు మాస్టారు.

అప్పుడే ఇంజను గట్టిగా అరిచింది. నేల ముందుకు దూకింది. ముందు ట్రక్కు చక్రాలు ఎగిరిన చప్పుడు, మామగారి కేక, ఆ వెంటనే పెద్ద లోహపు మోత. ఇద్దరి ముఖాలూ పై చెక్కకు కొట్టుకున్నాయి. తీగలు పుటుక్కుమన్నాయి. ట్రైలర్ ముక్కు రోడ్డును గీరుకుంటూ కిందికి జారింది. ఇంజను శబ్దం దూరమైపోయింది. చక్రాలు కీచుమని అరిచి బిగుసుకున్నాయి.

ఆగింది.

"అయ్యో, టూరిస్టు బండి పాడైందే," అన్నది ఒక గొంతు బయట. చీఫ్‌ది. "సాయం చేయండ్రా."

స్టెపినీ వెలుతురులోకి వచ్చేసరికి ట్రైలర్ గేటుకు మూరెడు దూరంలో ఉంది. ట్రక్కు వంతెన మొదట్లో, మన వైపే ఆగి ఉంది. ముందు గేటు, వెనక గేటు మూసేశారు. మామగారూ బావమరుదులూ చేతులు పైకెత్తి దిగుతున్నారు. తాళంచెవి గొలుసు ఆయన మెడలో ఇంకా ఊగుతోంది. ట్రక్కు తాళంచెవి మాత్రం ఏట్లో ఉంది, నెమలి విసిరేసింది.

మాస్టారు కాలిన వేళ్ళు ఊదుకుంటూ రోడ్డు మీదే కూర్చున్నారు. ఎవరో మంచినీళ్ళిస్తే తాగి, స్టెపినీ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నెమలి స్కార్ఫు సరిచేసుకుంటూ నడిచి వచ్చింది.

"మెల్లగా పొమ్మన్నాను," అన్నాడు స్టెపినీ.

"ఎప్పుడైనా విన్నానా?"

"ట్రైలర్ దారికి అడ్డం తీయాలి," అన్నాడు చీఫ్. "మన జీపుకు కట్టండి. సరైన బంతి ఎక్కడుంది?"

నెమలి హ్యాండ్‌బ్యాగు తెరిచింది. జిడ్డు కాగితంలో చుట్టిన ఉక్కు బంతి తీసి జీపు బానెట్ మీద పెట్టింది. స్టెపినీ దాన్నీ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"డ్రమ్ములోంచి తీసింది నువ్వేనా? దీన్ని ఇంత దూరం ఎందుకు మోశావు?"

నెమలి నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది.

"చెక్‌పోస్టులో మీవాళ్ళు కనిపించకపోతే, పక్కకు ఆపి ఇదే బిగించేదాన్నండీ."