టోపీ తీసి నిలబడే చోటు

"యుద్ధనౌకలో బాంబుంది. పదింటికి పేలుతుంది. పెట్టిందెవరో నీకు తెలుసుగా," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

ఎందుకు తెలీదు? శత్రుముఠాలో మన తరఫున పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ సుందరి లిప్‌స్టిక్‌లో దాచి తెచ్చిన మైక్రోఫిల్మ్‌లో ఒకటే ఫొటో. ఇంజన్‌గది నావికుడిది. ఐదేళ్ల కిందట డ్యూటీలో నిద్రపోయినందుకు ఓడ సెల్‌లో తొంభై రోజులు ఖైదులో ఉండి, ర్యాంకు పోగొట్టుకున్నవాడు. పగ ఉండదా అన్నారందరూ. మన ఏజెంట్ కూడా తలూపాడు. కానీ అసలు సంగతి వేరు. అప్పట్లో అదే ఓడలో నావికుల పైన పెట్టీ ఆఫీసర్ తను. ఆరోజు నిద్రపోయిందీ తనే.

తొమ్మిదీ నలభైకి లెఫ్టినెంట్ వేషంలో, పెట్టుడు మీసంతో డెక్ ఎక్కాడు. అక్కడ విచారణ నడుస్తోంది. నిందితుడు కెప్టెన్ బల్ల ముందు టోపీ తీసి నిలబడాలి. అది నేవీ పద్ధతి. నిలబడింది ఆ నావికుడే. పని వదిలేసి ఓడ అడుగున తిరుగుతూ దొరికాడట.

"అక్కడేం చేస్తున్నావ్?" అన్నాడు కెప్టెన్.

"అప్పుడోసారి నిజం చెప్పాను సార్. తొంభై రోజులిచ్చారు. ఇప్పుడు చెబితే ఎన్నిస్తారు?"

ఏజెంట్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తొమ్మిదీ యాభై రెండు. మీసం పీకేసి, టోపీ తీసి, వెళ్లి నావికుడి పక్కన నిలబడ్డాడు.

"సార్, అప్పుడు నిద్రపోయింది నేను. ఇతను నన్ను లేపడానికొచ్చాడు. ఉద్యోగం పోతుందని ఇతని మీదకి నెట్టేశాను."

నావికుడు అతన్ని ఎగాదిగా చూశాడు. ఐదేళ్ల బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు.

"నిన్న ఫొటోలు తీసిన ఆవిడ రెండో పంపు వెనక కెమెరా పెట్టె వదిలేసింది సార్. అదేంటో చూద్దామని వెళ్లాను, ఈలోపే పట్టుకున్నారు. ఆఫీసర్ల అతిథి మీద నేను చెబితే నమ్ముతారా?"

ఏజెంట్‌కి వెలిగింది. ఆ ఫొటోల ఆవిడే సుందరి. ఆమెకి ఓడ ఎక్కడానికి పాస్ ఇచ్చింది తనే.

ఇద్దరూ పరుగెత్తారు. నావికుడు టార్చి పట్టుకుంటే, ఏజెంట్ పెన్నులోని కట్టర్‌తో తీగ తెంచాడు. టైమర్ మూడు సెకన్ల దగ్గర ఆగింది. ఈలోపు కెప్టెన్ ఫోన్ చేస్తే, రేవు గేటు దగ్గర కాపలావాళ్లు సుందరిని పట్టేసుకున్నారు.

డెక్ మీద కెప్టెన్ బల్ల మీదున్న నావికుడి టోపీ తనే తీసి అందించాడు. ఏజెంట్ కూడా తన టోపీ కోసం చెయ్యి చాపాడు.

"నువ్వాగు. నీ విచారణ ఇప్పుడే మొదలైంది."

నావికుడు పక్కకి వంగి మెల్లగా అన్నాడు: "సెల్‌లో కుడివైపు తల పెట్టకండి సార్. పైపు కారుతుంది, నిద్రపట్టదు."